ఎవరి గడియారంల?

నిన్న మధ్యాహ్నం పోస్టుకార్డు వచ్చింది. ఆదిలాబాదు నుంచి లచ్చవ్వ రాసింది. పెద్దయ్యాక నేర్చుకున్న రాత కదా, ఒక్కో అక్షరం శనగగింజంత లావుగా ఉంది. "సిస్టరమ్మ సోమారం పొద్దుగాల ఆరుంబావుకు ప్రభువు సన్నిధికి పోయింది. నీకు ఎరుక చెయ్యాలె గద అని రాస్తున్న." అంతే ఉంది.

చదివి కుర్చీలో కూలబడ్డాను. ఏడుపు రాలేదు. నా నోటి వెంట వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "ఎవరి గడియారంల?" అని. వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి, "ఎవలతోని మాట్లాడుతున్నవ్?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మనిషి పోయిందని కబురొస్తే అడిగే ప్రశ్నేనా అది?

కానీ ఆ ప్రశ్న నాది కాదు. ఆ పోయిన మనిషిదే.

ఆమె ఎదుట ఎవరైనా టైం మాట ఎత్తితే చాలు, ఆ ప్రశ్న పడేది. "నిన్న పదింటికి జరం వచ్చిందమ్మా" అంటే, "ఎవరి గడియారంల?" "నాలుగు గొట్టంగ పిల్ల పుట్టింది" అంటే, "ఎవరి గడియారంల గొట్టింది?" పెళ్లి పిలుపులకు వచ్చిన వాళ్లను కూడా వదిలేది కాదు. పసుపు కుంకుమలు పట్టుకుని నిలబడ్డవాళ్లు ముహూర్తం చెప్పగానే, ఆ ముహూర్తం మీ అయ్యగారి గడియారంలోనా, పిల్లవాళ్ల గడియారంలోనా అని అడిగితే వాళ్లేం చెబుతారు పాపం! చర్చిలో పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టి "ఒక్క ఐదు నిమిషాలు" అన్నారంటే ఈమె మణికట్టు తిప్పి చూసుకునేది. ఆరో నిమిషంలో దగ్గేది. ఆయన ఆ దగ్గుకు ఎంత భయపడేవాడో నా కళ్లారా చూశాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నేను ఆదిలాబాదులో ఒక పత్తి మిల్లులో హాజరీ గుమాస్తాగా చేరాను. గింజల పత్తి వచ్చి దూదీ గింజా వేరై పోయే జిన్నింగు మిల్లు. దీపావళి దాటాక మొదలై ఎండలు ముదిరేదాకా నడిచేది. రోడ్డుకు ఇవతల మిల్లు గేటు, అవతల మిషన్ వాళ్ల చిన్న దవాఖానా. అందులో డాక్టరు లేడు. ముసలి డాక్టరు దొర తన దేశం వెళ్లిపోయాక ఆ దవాఖానాకు మిగిలింది ఒక నర్సు, ఆమెకు మిగిలింది దొర చేతి గడియారం. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనేది. ఆమె అసలు పేరు నాకు తెలుసు కానీ ఇక్కడ రాయను, ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు.

ఆ గడియారం బంగారుది. స్విట్జర్లాండులో చేసిందట. దొర చెయ్యి పెద్దది, ఈమెది పుల్లలాంటి చెయ్యి. బెల్టుకు ఉన్న బెజ్జాలు చాలక కుట్లు వేసే సూదితో ఇంకో మూడు బెజ్జాలు పొడుచుకుంది. మిల్లు ఎదురుగా దవాఖానా కాబట్టి గాలిలో ఎప్పుడూ పత్తి నూగు. అది లోపలికి దూరకుండా గడియారం చుట్టూ ఒక గాజుగుడ్డ పేలిక చుట్టేది. చూడటానికి గడియారానికే దెబ్బ తగిలి కట్టు కట్టినట్టుండేది. అంత ఖరీదైన వస్తువు అట్లా కట్టుతో తిరుగుతుంటే ఆదిలాబాదు బజారులో నవ్వనివాడు లేడు. ఆమె ఆ నవ్వులు పట్టించుకునేది కాదు.

నేను ఆమెను మొదటిసారి చూసింది జ్వరంతో. చలి జ్వరం. ఆదిలాబాదు చలి అంటే మా హుజూరాబాదు వాళ్లకు తెలిసే చలి కాదు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే నాడి పట్టుకుని గడియారం వంక చూస్తూ నిలబడింది. బస్సు దొరుకుతుందో లేదో అని నేను టైం అడిగాను. ఆమె నాడి వదలకుండానే చెప్పింది.

"ఏడు గంటల పదకొండు నిమిషాలు. అందుట్ల ముప్పై రెండు సెకండ్లు తీసెయ్యి."

"తీసుడేందమ్మా?"

"ఇది రోజుకు ఎనిమిది సెకండ్లు ముందటికి పోతది. స్టేషన్ల కలిపి నాలుగు రోజులాయె. నాలుగెనిమిదులు ముప్పై రెండు."

"మరి ముల్లు తిప్పి సరిజేసుకోరాదా?"

ఆమె నా చెయ్యి వదిలేసి నన్ను చూసింది. చిన్నపిల్లవాడు దవాఖానా గోడమీద బొగ్గుతో గీస్తే చూసే చూపు అది.

"పొద్దున లేస్తే సరిజేసుకుంటపోతె, దాని గుణమేందో నాకెట్ల తెలుస్తది బిడ్డా? తప్పు చేస్తె చెయ్యని. రోజూ ఒక్క తీరు తప్పు చేస్తుందా లేదా, గదీ సూడాలె."

అప్పుడు నాకా మాట అర్థం కాలేదు. జ్వరం మీదున్నాను కూడా. మాత్రలు తీసుకుని వచ్చేశాను.

తర్వాత తర్వాత ఆమె గడియారంతో కాపురం చేసే తీరు గమనించాను. పొద్దున ప్రార్థన ముగించి "ఆమెన్" అన్నాకే చావి ఇచ్చేది. ఇరవై రెండు తిప్పులు. ఇరవై మూడో తిప్పు నేను చూడలేదు. చేతులు కడుక్కునే ముందు విప్పి, సూదులు మరగబెట్టే గిన్నె మూతలో పెట్టేది, వెల్లకిలా కాకుండా నిలబెట్టి. రాత్రి పడుకునేటప్పుడు మాత్రం బైబిలు మీద వెల్లకిలా. ఎందుకమ్మా ఈ తతంగమంతా అంటే, "పండవెడితె జర ఉరుకుతది, నిలవెడితె జర కుంటుతది. దొర నేర్పిండు. నేను రోజూ ఒక్క తీరుగ ఉంటెనే అది ఒక్క తీరుగ ఉంటది" అనేది. ఐదు నిమిషాల్లో వస్తానని ఆమె ఎవరికీ చెప్పగా వినలేదు. "ఏడు నిమిషాలకు వస్త" అనేది. సరిగ్గా ఏడుకు వచ్చేది.

ఇక మా మిల్లు సంగతి. పొద్దున ఏడుగంటలకు సైరన్ కూసేది. అక్కడ దాన్ని భోంగా అంటారు. భోంగా కూయగానే గేటు మూసేవాళ్లం. తర్వాత వచ్చిన ఆడమనిషి ఎవరైనా ఇంటికి తిరిగిపోవలసిందే, పేరు పక్కన నేను ఎర్ర గీత పెట్టేవాణ్ని. పక్షంలో మూడు ఎర్ర గీతలైతే పేరు కొట్టేసేవాళ్లు, ఆ సీజనంతా పని లేదు. మిల్లులో చెల్లేది ముకద్దం మాట, అంటే కూలీల మేస్త్రీ మాట. నల్లటోపీ, మరాఠీ మాట, కంచు గొంతు. మనుషుల్ని తినేసే రకమేమీ కాదు, మిల్లు యజమాని సేఠ్‌కు మాత్రం భయపడి చచ్చేవాడు.

గేటు పని నాదే. ఎర్ర గీతలూ నావే. నేనేదో న్యాయంగానే చేస్తున్నాననుకున్నాను. రైలు పట్టా పక్కన ఉన్న ఒక పల్లె నుంచి పదకొండు మంది ఆడవాళ్లు వచ్చేవారు. లెక్క చూస్తే ఎర్ర గీతల్లో సగం వాళ్లవే. "ఆ ఊరే బద్ధకపు ఊరు" అనేవాడు ముకద్దం. నేనూ తల ఊపేవాణ్ని. ఆ పదకొండు మందిలో అందరికన్నా వెనక వచ్చేది లచ్చవ్వ. మొగుడు పోయాడు, చంకలో ఏడాది పిల్ల. పిల్లను దవాఖానా వరండాలో, సిస్టరమ్మ కట్టిన గుడ్డ ఉయ్యాలలో వేసి మిల్లులోకి పరుగెత్తేది.

ఒకరోజు లచ్చవ్వకు మూడో గీత పడింది. గేటు మూసి ఉంది. ఆమె ఇనుప ఊచలు పట్టుకుని, "బాబూ, జర తెరువు బాబూ, పిల్లకు పాలు కొనేది గీ పనితోనే" అంటోంది. నేను పుస్తకంలో తల దూర్చి ఎర్రసిరా కలం ఊపుకుంటున్నాను. ఎంత గొప్పవాణ్నో చూడండి! అప్పుడు రోడ్డు దాటి సిస్టరమ్మ వచ్చింది. లచ్చవ్వ పక్కన నిలబడి ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టింది, గడియారం నా ముఖానికి కనబడేట్టు.

"సూడు. ఏడు గావడానికి ఇంకా ఆరు నిమిషాలున్నయి. ఈ పిల్ల ఎట్ల లేటైంది?"

వెనక్కి తిరిగి గోడ గడియారం చూశాను. ఏడూ తొమ్మిది.

ముకద్దం వచ్చాడు. ఆమె చేతిని చూసి పకపకా నవ్వాడు. "అరే బాబా! బంగారం గడియారం సోకుకు పెట్టుకునేది. పెద్ద పెద్ద షావుకార్లు పెండ్లికి పెట్టుకొని పోతరు, పెట్టెల దాస్తరు. నువ్వు దాన్ని గట్టుకొని బట్టలు ఉతుకుతవు, కాన్పులు చేస్తవు. అదింకా టైం ఏం చెప్తది?"

"మొన్న ఆదివారం స్టేషన్ల కలిపి వచ్చిన."

"స్టేషన్‌ల కలిపినవ్, సరే. అక్కడికెల్లి ఇక్కడికి వచ్చేలోపల అది టైం తప్పి ఎంత తిరిగిందో నీకేం ఎరుక? ఇంకోటి, పైనుంచి వచ్చే బండే రెండు గంటలు లేటొస్తది, దాని స్టేషన్ గడియారాన్ని నమ్ముమంటవా?"

గేటు దగ్గరున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. సిస్టరమ్మ మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు.

"బండి లేటైతది. తంతి లేటుగాదు. రోజూ మాపటీలి నాలుగింటికి తంతి మీద టైం వస్తది, దేశంల ఉన్న స్టేషన్లన్నిటికీ ఒక్కపారే. నువ్వు నా గడియారం తిరుగుతదంటున్నవ్. తిరుగుతది. ఎంత తిరుగుతదో నేను ముందే చెప్త. రెండు ఆదివారాలు టైమియ్యి. ఈ ఆదివారం తంతికి కలుపుత. పద్నాలుగు రోజులు చేతికి కట్టుకొని నా పని నేను చేసుకుంట, ముల్లు ముట్ట. పద్నాలుగు నిండిన ఆదివారం మళ్ల తంతి కాడ సూద్దాం. నూట పన్నెండు సెకండ్లు ముందుంటది."

"ఉండకపోతే?"

"నీ గేటుకాడికి మళ్ల రాను."

"నువ్వు రాత్రి ముల్లు తిప్పుకుంటే ఎవరు చూడవచ్చిన్రు?"

ఆమెకు కోపం రావడం నేను చూసింది అప్పుడే. గొంతు పెరగలేదు, సన్నబడింది. "నేను తిప్పితె నాకు ప్రభువు ముందర జవాబున్నది. నువ్వు గీ పిల్ల కూడు తీస్తె నీ జవాబు ఎవరి ముందర?"

ముకద్దం టోపీ సర్దుకున్నాడు. పద్నాలుగు రోజుల్లో రెండు నిమిషాలు కూడా తిరగని గడియారం, స్టేషన్ నుంచి మిల్లుకు నడిచొచ్చే అరగంటలో పావుగంట తిరగదు కదా. ఆ లెక్క అతనికీ అర్థమైంది. కానీ అంత ఆడంబరపు వస్తువు అంత నమ్మకంగా ఉంటుందని అతను అనుకోలేదు. సరేనన్నాడు. లచ్చవ్వ పేరు అప్పటిదాకా పెన్సిలుతో రాసి ఉంచమన్నాడు. సాక్షిగా నన్ను పెట్టాడు. రోజూ మధ్యాహ్నం దవాఖానాకు వెళ్లి ఆమె చెప్పింది రాసుకుని రావాలి.

మొదటి ఆదివారం ఆమె వెంట స్టేషనుకు నడిచాను. సిగ్నలు గదిలో తంతి యంత్రం టక్కుమనగానే స్టేషను బాబు చెయ్యి ఎత్తాడు, ఆమె ముల్లు వదిలింది. గోడమీద స్టేషను గడియారం నాలుగు చూపిస్తోంది. తిరిగి మిల్లుకు వచ్చి రెండు గడియారాలూ పోల్చి చూశాను. సిస్టరమ్మ చేతిమీద నాలుగున్నర. మా గోడమీద పావు తక్కువ ఐదు. పదిహేను నిమిషాలు!

ఆ పదిహేనులో ఐదు ఎక్కడివో నాకు తెలుసు. అవి నావి.

నేను ఉద్యోగంలో చేరిన రోజు ముకద్దం, "రేపు పావణే సాత్‌కు రా" అన్నాడు. మరాఠీలో అది పావు తక్కువ ఏడు. హుజూరాబాదువాణ్ని, నాకేం తెలుసు? పావు అని వినబడింది, సాత్ అని వినబడింది, ఏడుంబావుకు దర్జాగా వెళ్లాను. అరగంట ఆలస్యం. కూలీలందరి ముందూ అతను నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఆ రోజు నుంచి గోడ గడియారాన్ని ముకద్దం జేబు గడియారానికి కలిపేటప్పుడు, ఎందుకైనా మంచిదని, ఓ ఐదు నిమిషాలు ముందుకు పెట్టేవాణ్ని. నా గేటు ఎన్నడూ ఆలస్యం కాకూడదని. ఎవరికీ చెప్పలేదు. తప్పనే అనిపించలేదు. ఇళ్లలో అందరూ పెట్టుకోరూ?

ఆ రెండు వారాలు నాకు అన్నం సహించలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే లచ్చవ్వది పోవచ్చు. రోజూ మధ్యాహ్నం దవాఖానా మెట్లెక్కి, చెప్పేద్దామని నోరు తెరిచి, "ఇయ్యాల ఎంతమ్మా?" అని అడిగి రాసుకుని దిగిపోయేవాణ్ని. పిరికివెధవని. ఆమె మాత్రం ఎప్పటిలాగే ఉంది. పిల్లలకు స్నానాలు చేయించింది, పుండ్లు కడిగింది, లచ్చవ్వ పిల్ల ఉయ్యాల కాలితో ఊపుతూ రోగుల పేర్లు రాసుకుంది. పెళుసు వస్తువు కదా, ఈ రెండు వారాలైనా పైన పెట్టొచ్చు కదమ్మా అన్నాను. "పెట్టెల పెడితె పెట్టెల గుణం దెలుస్తది. నేను చెప్పింది చేతి గుణం" అంది.

పదో రోజు నేను అడగకముందే ఆమె చెప్పింది. "రాస్కో. రాత్రి గడియారం పండలే. అడవి దిక్కు గూడెంల కాన్పుకు పోయిన, ఎడ్లబండి మీద. తెల్లార్లు చేతికే ఉన్నది. పండుకునే రాత్రి అది ఉరికేది నాలుగు సెకండ్లు, గవి తక్కువైతయి. నూట పన్నెండు గాదు, నూట ఎనిమిది."

"అమ్మా, ఇది ముకద్దంకు చెప్తె మాట మార్చినవంటడు. నాలుగు సెకండ్లకు ఏమైతది? చెప్పకుంటె ఎవరికి తెలుస్తది?"

"నాకు దెలుస్తది" అంది. నా చేతిలోంచి కాగితం లాక్కుని నూట ఎనిమిది అని తనే రాసింది. ఆ రాత నా గుండెలో గుచ్చుకుంది. నాలుగు సెకండ్ల కోసం ఈమె ఇట్లా ఉంటే, నేను ఐదు నిమిషాలు దాచుకుని తిరుగుతున్నాను.

పద్నాలుగు రోజులు నిండిన ఆదివారం ముకద్దం కూడా స్టేషనుకు వచ్చాడు. లచ్చవ్వ పిల్లనెత్తుకుని ప్లాట్‌ఫారం చివర నిలబడింది, దగ్గరికి రమ్మన్నా రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. సిస్టరమ్మ గాజుగుడ్డ విప్పి గడియారం తీసి ముకద్దం అరచేతిలో పెట్టింది. తను చూడలేదు. "నువ్వే సూడు. చదువు" అంది.

టక్కుమంది. స్టేషను బాబు చెయ్యి ఎత్తాడు.

ముకద్దం గడియారం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఆ చెయ్యి లేచిన క్షణానికి ముళ్లు ఎక్కడున్నాయో పెదాలు కదుపుతూ చదివాడు. "నాలుగు మీద ఒక నిమిషం... నలభై ఆరు సెకండ్లు." నేను కాగితం చూపించాను. నూట ఎనిమిది. వచ్చింది నూటారు.

అతను అబద్ధమాడలేదు, అది ఒప్పుకోవాలి. నిలబడ్డచోటే తన జేబు గడియారం తీసి చూసుకున్నాడు. నాలుగూ పది. ముఖం నల్లబడింది. "ఐదు నేనే పెట్టుకున్న. సేఠ్ కన్నా ముందు ఉండాలె గద" అన్నాడు మెల్లగా. "ఇంకో ఐదు ఎక్కడివి?" తర్వాత తనే గుర్తు తెచ్చుకున్నాడు. అతను తన గడియారం కలిపేది సేఠ్ ఇంటి గడియారానికి. అక్కడ సేఠ్ తల్లి, పూజ ఆలస్యం కాకూడదని, దాన్ని ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుంచుతుంది. "అంటే పది. మిల్లుది పదిహేను ముందున్నదంటివి. ఇంకో ఐదు?"

ఇక నిలబడలేకపోయాను. "అవి నావి" అన్నాను. పావణే సాత్ కథంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఇరవై రెండేళ్ల మగవాణ్ని, ప్లాట్‌ఫారం మీద.

సిస్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వేళ్లు మడిచి లెక్కపెట్టింది.

"ఆ ముసలామె భయం ఐదు నిమిషాలు. ముకద్దం భయం ఐదు. నీ భయం ఐదు. ముగ్గురి భయం గలిపి గా పిల్ల నెత్తిన వెట్టిన్రు. వాళ్ల ఊళ్లె గడియారం లేదు బిడ్డా. ఆదిలాబాదుల ఆరింటికి బయలెల్లే బండి వాళ్ల ఊరిముందర కూత వెడితె, గా కూతకు ఇంట్లకెల్లి ఎల్తరు. నడిస్తె ఏడుకు ముందే వస్తరు. వాళ్లే టైంకు వస్తున్నరు. మీరు ముగ్గురే ముందు పరుగెత్తుతున్నరు."

ముకద్దం గొంతు సవరించుకుని, లచ్చవ్వ గీతలు కొట్టేస్తానన్నాడు. పెద్ద ఉపకారం చేస్తున్నట్టే అన్నాడు. ఆమె కదలలేదు.

"పదకొండు మందివి."

"అందరివీ తీస్తే సేఠ్‌కు నేనేం చెప్పాలె?"

"గడియారం తప్పని చెప్పు. గడియారం తప్పయితె లచ్చవ్వ ఒక్కతికే తప్పా?"

అతను ఒప్పుకోలేదు. ఆమె వాదించలేదు. మర్నాడు పొద్దున ఏడుకు ఆరు నిమిషాలుండగా వచ్చి గేటు ముందు నిలబడింది, చెయ్యి ఊచల్లోంచి లోపలికి పెట్టి. ఏడు కాగానే దవాఖానాకు వెళ్లిపోతుంది. ఆ తర్వాతి రోజూ అంతే. ఎంత చలి ఉన్నా అంతే. ఆమె అట్లా నిలబడితే మేము మూసిన గేటు మూసినట్టే ఉంచడమెట్లా? కూలీలంతా ఆ చెయ్యినే చూస్తున్నారు. మూడో రోజు ముకద్దం హాజరీ పుస్తకం నా ముందుకు విసిరి, "తీసెయ్ బాబా, అన్నీ తీసెయ్!" అని అరిచాడు. గీతలు గీసిన చేత్తోనే గీతలన్నీ కొట్టేశాను. ఆ రోజు పుస్తకంలో లచ్చవ్వ పేరు సిరాతో రాస్తుంటే నాకు కలిగిన సంతోషం నా పెళ్లిరోజు కూడా కలగలేదు, మా ఆవిడ ఇది చదవదు కాబట్టి రాస్తున్నాను.

గోడ గడియారం నువ్వే సరిచెయ్యి సిస్టరమ్మా అంటే ఆమె ఒప్పుకోలేదు. నన్నే స్టూలు ఎక్కమంది. కింద నిలబడి చేతి గడియారం చూస్తూ, "ఆగు... ఆగు... ఇగ!" అంది. ముల్లు వదిలాను. మర్నాడు భోంగా పావుగంట వెనక కూసింది. పల్లె ఆడవాళ్లు వచ్చేసరికి గేటు తెరిచే ఉంది. వాళ్లు నమ్మలేక బయటే ఆగిపోయారు. లచ్చవ్వ నా దగ్గరికి వచ్చి భయం భయంగా అడిగింది, "ఇయ్యాల మిల్లు లేటాయెనా బాబూ?"

ఇంత గెలిచి, సిస్టరమ్మ సంతోషంగా ఉందనుకుంటున్నారా? స్టేషను నుంచి వస్తున్నప్పుడే దారి పొడుగునా గొణుక్కుంటూ వచ్చింది. "నూట ఎనిమిది రావాలె. నూటారు వచ్చింది. రెండు సెకండ్లు యాడ వొయినయి?" అమ్మా, రెండు సెకండ్లు ఒక లెక్కా అంటే వినదు. చలికి పోయాయా, ఎడ్లబండి కుదుపుకు పోయాయా, చావి ఇచ్చేటప్పుడు ఒక తిప్పు తక్కువైందా అని నెల రోజులు పరేషానైంది. కనబడిన ప్రతిసారీ, "గా రెండు దొరకలే బిడ్డా" అనేది. ఎంత నవ్వుకునేవాణ్నో. ఎంత ప్రేమ పుట్టేదో ఆ మనిషి మీద.

తర్వాత నాకు కరీంనగరులో సర్కారు కొలువు దొరికింది. ఆదిలాబాదు వదిలాను. లచ్చవ్వ మిల్లు మానేసి దవాఖానాలో ఆయాగా చేరింది. రెండు మూడేళ్లకోసారి వెళ్లేవాణ్ని. ఆఖరిసారి వెళ్లినప్పుడు సిస్టరమ్మ చేతులు వణుకుతున్నాయి, తలుపు పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చావి లచ్చవ్వే ఇస్తోంది, ఈమె పైకి లెక్కపెడుతోంది. ఇరవై రెండు దగ్గర "బస్" అంది. లచ్చవ్వకు రాత నేర్పింది ఈమేనట. ముందు అక్షరాలు కాదు, అంకెలు. రోజుకెన్ని సెకండ్లో పుస్తకంలో రాయాలి కదా. వెళ్లొస్తానని లేచి, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పే మాటలే చెప్పాను, మళ్లీ వస్తాను, తొందరలోనే వస్తానని. ఆమె నా మణికట్టు పట్టుకుంది. నాడి చూస్తోందనుకున్నాను. నా గడియారం తిప్పి తన గడియారం పక్కన పెట్టి చూసింది.

"ఇంకా ఐదు ముందే పెట్టుకుంటున్నవా బిడ్డా?" అంది.

నవ్వేసి చెయ్యి లాక్కున్నాను. బస్సు టైమైందని వచ్చేశాను. ఆ మాటకు జవాబు చెప్పి ఉండాల్సింది.

ఇంత రాశాక కార్డు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. చిరునామా పక్కన అంచు వెంబడి, నిలువుగా, సన్నని అక్షరాల్లో ఇంకో రెండు మూడు పంక్తులున్నాయి. నిన్న నేను చూడనే లేదు. కార్డు తిప్పి పట్టుకుని చదివాను.

"సిస్టరమ్మ గడియారంల అప్పుడు ఆరు గంటల పదహారు నిమిషాలు దాటింది. తంతికి కలిపి పన్నెండు రోజులాయె. రోజుకు ఎనిమిది తీసి ఆరుంబావు అని రాసిన. రెండు సెకండ్లు అటిటు ఉంటె మాఫ్ చెయ్యి."

అప్పుడొచ్చింది ఏడుపు. ఆపుకోలేదు. మా ఆవిడ పరుగెత్తుకొచ్చే వేళకు నేను స్టూలు లాక్కుని గోడ గడియారం కింద వేస్తున్నాను. మా ఇంట్లోనూ అది ఐదు నిమిషాలు ముందే ఉంటుంది, నేను పెట్టిందే. "గిప్పుడు గడియారంతోని ఏం పనయ్యా?" అంటున్నా వినకుండా ఎక్కి, అద్దం తలుపు తీసి, ముల్లు వెనక్కి తిప్పాను.